షెల్టరు గోడ మీద గీత

నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టానో లెక్కలేదు. వాటిలో పేజీ నంబరుతో సహా గుర్తున్నది ఒక్కటే. నలభై ఒకటో పేజీ. అది తప్పు కాగితం. ఆ తప్పు నలుగురి ముందూ బయటపడిన రోజే నా ఉద్యోగం మొత్తంలో నేను అందరికంటే ఉషారుగా ఉన్న రోజు అంటే, కొత్తగా ఇంజనీర్లయిన మీరు నమ్మరు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. నేను ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్ని. పేరు చూసి ఆసుపత్రి అనుకోకండి. ఊళ్ళకి మంచినీళ్ళు తేవడం, ఊళ్ళోంచి మురుగునీళ్ళు పంపడం మా పని. మంచినీళ్ళు తెచ్చేవాళ్ళకి ప్రారంభోత్సవాలూ దండలూ ఉంటాయి. మురుగు పంపేవాళ్ళకి ముక్కుకి అడ్డం పెట్టుకునే చేతిరుమాలు ఉంటుంది. నన్ను ఆ రెండోదాంట్లో వేశారు. "ఆడపిల్లవి, ఫీల్డుకి పెద్దగా తిరిగే పని ఉండదు, డ్రాయింగులు చూసుకోవచ్చు" అని నచ్చజెప్పారు. అలా చెప్పినవాళ్ళెవరూ ఒక్క మురుగుకాలవ పొడవునా నడిచినవాళ్ళు కాదు.

మాది గుంటూరు వైపు మిరపచేల ఊరు. నీళ్ళంటే మాకు రానివి, రావలసినవి. ఎక్కువై వెనక్కి తన్నే నీళ్ళ సంగతి నాకు తెలియదు. సముద్రం అంటే కార్తీకమాసంలో లారీ ఎక్కి వెళ్ళి స్నానాలు చేసి వచ్చే చోటు. అలాంటి నన్ను ప్రకాశం జిల్లాలో ఒక సముద్రపు ఒడ్డు ఊరికి మురుగునీటి శుద్ధి కేంద్రం ప్లాను తయారుచెయ్యమన్నారు. ఊరి పేరు చెప్పను. ఆ తీరంలో అలాంటి ఊళ్ళు చాలానే ఉన్నాయి. పడమటి వైపు నేతపని వాళ్ళ వీధులు, మధ్యలో బజారు, రైలు పట్టాలు దాటాక ఇసుక, సరుగుడు తోటలు, చివర సముద్రాన్ని ఆనుకుని ఒక చేపల పాలెం.

ఊరి మురుగంతా ఒక పెద్ద కాలవలో పడేది. ఆ కాలవ పాలెం పక్కనుంచి పోయి సముద్రంలో కలిసేది. అది కలిసే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. ఆ మొగ పక్కన ఇసుకలోనే పాలెం ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు. ఒక పక్క నల్లటి నీళ్ళు, ఇంకో పక్క వెండిలా మెరిసే చేపలు.

కేంద్రం నుంచి ఒక పథకం వచ్చింది. జిల్లాలో ఏదో ఒక్క ఊరికి ఇస్తారు. అన్ని అనుమతులతో ఫైలు ముందుగా హైదరాబాదు కమిటీకి చేర్చిన ఊరికే. పట్టణ ప్రణాళిక వాళ్ళ సమ్మతి, కాలుష్య మండలి సమ్మతి, తీరప్రాంత నిబంధనల కింద సమ్మతి, పురపాలక సంఘం తీర్మానం, వీటన్నిటితో పాటు ప్రజాభిప్రాయ సేకరణ. స్థలం పాలెం వెనక ప్రభుత్వ బంజరు. కాలవ చివర కాబట్టి నీళ్ళు వాటంతట అవే అక్కడికి పారతాయి, పంపులు అక్కర్లేదు. కాగితం మీద చాలా అందంగా ఉంది.

మా ఆఫీసులో ముగ్గురం ఆ పని మీద ఉండేవాళ్ళం. మా ఈఈ గారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఇంకో ఏడాదికి రిటైరవుతారు. ఏ ఫైలు పంపినా దాని మీద "మాట్లాడండి" అని రాసి తిప్పి పంపేవారు. వెళ్ళి మాట్లాడితే, "సరే, మళ్ళీ పెట్టండి" అనేవారు. జీవితంలో ఒక్క మెమో కూడా తినకుండా ఇల్లు చేరాలన్నది ఆయన ఆశయం. రెండో ఆయన సర్వేయరు. యాభై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. పని మీద ప్రేమ ఉంది గానీ ఎండ మీద లేదు. మూడోదాన్ని నేను.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఒక స్థలం ఎంత ఎత్తులో ఉందో కొలవాలంటే, ఎత్తు ముందే తెలిసిన ఒక గుర్తు కావాలి. దాన్ని బెంచిమార్కు అంటాం. అక్కణ్ణుంచి ఎంత పైకి, ఎంత కిందికి అని కొలుచుకుంటూ వెళ్తాం. గుర్తు అబద్ధమైతే దాని వెనక వచ్చే అంకెలన్నీ అబద్ధమే. మా గుర్తు పాలెం దారిలో రోడ్డు పక్కనున్న ఒక రాయి. నెత్తిన బాణం గుర్తు, నంబరు చెక్కి ఉన్నాయి. మండు వేసవిలో మా సర్వేయరు ఆ రాయి దగ్గర మొదలుపెట్టి స్థలం దాకా కొలిచాడు. వరద నీరు ఎంత ఎత్తుకి వస్తుందో నీటిపారుదల వాళ్ళ రికార్డులో ఉంది. మా స్థలం దానికంటే అర అడుగు పైన ఉన్నట్టు తేలింది. నలభై ఒకటో పేజీలో ఆ మాట రాసి నేను సంతకం పెట్టాను. తిరిగి కొలిచి సరిచూడాలన్నది నిబంధన. "మళ్ళీ అంత ఎండలోనా మేడమ్! ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న రాయి అది" అన్నాడు సర్వేయరు. నేనూ సరే అన్నాను. ఎండ నాకూ తగులుతోంది మరి.

ప్రజాభిప్రాయ సేకరణ వానలకి ముందు పెట్టారు. కమిటీ సమావేశం ఇంకో పందొమ్మిది రోజులుందనగా. పాలెంలో తుఫాను షెల్టరు ముందు షామియానా వేశారు. జాయింట్ కలెక్టర్ గారు అధ్యక్షులు. కుర్రవాడు, ఉద్యోగంలో కొత్త, గడియారం వైపు చూడ్డం ఎక్కువ. ఒక పక్క మున్సిపల్ చైర్మన్ గారు, ఇంకో పక్క మా ఈఈ గారు. ఎదురుగా పాలెం మొత్తం కూర్చుంది. గొడవ జరుగుతుందని పోలీసుల్ని కూడా పెట్టారు.

నేను చార్టు తగిలించి చెప్పాను. చెరువుల్లాంటి తొట్లు, వాటిలో గాలి కొట్టడం, తేరిన నీళ్ళు సముద్రంలోకి వదలడం. బాగానే చెప్పాననుకున్నాను. అయిపోగానే ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. అరవై దాటి ఉంటాయి. తలమీద గంప మోసి మోసి మెడ నిటారుగా నిలబడిపోయిన మనిషి. ఎండుచేపలు ఊరూరా తిరిగి అమ్ముతుందని తర్వాత తెలిసింది.

"అమ్మాయ్, నువ్వు చూపిస్తన్న తొట్లు మా ఎనక బీట్లోనేగా కట్టేది?"

"అవునమ్మా."

"ఆడ నీళ్ళు నిలబడతయ్."

"లేదమ్మా, కొలిచాం. వరద నీరు ఎంత వచ్చినా ఆ స్థలం అర అడుగు పైనే ఉంటుంది."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"కాయితం మీద ఉంటదేమో. వానాకాలం మొగ పూడిపోద్ది. అలలు ఇసక తెచ్చి కాలవ నోరు మూసేస్తయ్. పైనుంచొచ్చే నీళ్ళు పొయ్యే దారి లేక ఎనక్కి తంతయ్. ఆ బీట్లో నా మోకాళ్ళ పైకి వస్తయ్. నీ తొట్లలో మురుగూ, వాన నీళ్ళూ కలిసి మా ఇళ్ళలోకే గదా వచ్చేది?"

పాలెం ఒక్కసారి గొల్లుమంది. చైర్మన్ గారు మైకు అందుకుని, "అమ్మా, ఇంజనీర్లు చదువుకున్నోళ్ళు, లెక్కలేసి చెప్తున్నారు" అన్నారు.

"నేను గాదన్నానా? లెక్క ఉంటే నాకూ ఉంది. రండి చూపిస్తా" అంటూ ఆవిడ షెల్టరు వైపు నడిచింది. గోడ మీద ఉలితో గీసిన గీత ఒకటి చూపించింది. "పెద్ద నీళ్ళొచ్చిన ఏడు మా ఆయన గీశాడు. ఆయన పొయ్యాడు, గీతుంది."

నేను చార్టు దగ్గర నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. ఉషారు పుట్టింది. ఎందుకంటే ఆ గీత ఉంటే బెంచిమార్కు అక్కర్లేదు! ఆ గీత నుంచి నేరుగా స్థలం దాకా కొలిస్తే చాలు, ఆవిడ లెక్క నిజమో నా లెక్క నిజమో గంటలో తేలిపోతుంది. లెవెలింగ్ పరికరం మా జీపులోనే ఉంది.

ఈఈ గారు నా చీర కొంగు పట్టుకుని లాగినంత పని చేశారు. గొంతు తగ్గించి, "ఏమ్మా, అభ్యంతరం నమోదు చేసుకున్నాం, పరిశీలిస్తాం అని రాసేద్దాం. వచ్చి కూర్చో" అన్నారు.

"సార్, పరిశీలించడానికి గంట చాలండి" అని, నోరు జారినట్టుగా పైకే అనేశాను.

జాయింట్ కలెక్టర్ గారు తల ఎత్తారు. "గంటలో తేలుతుందా?"

"తేలుతుంది సార్."

ఆయన మొదటిసారి గడియారం వైపు చూడలేదు. "అయితే పదండి" అని లేచారు.

ఆ తర్వాత జరిగినదాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అనాలో తిరునాళ్ళ అనాలో నాకు తెలియదు. సర్వేయరు మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టాడు. అంకెలున్న పొడుగాటి కర్ర, మేం స్టాఫ్ అంటాం, దాని అడుగు షెల్టరు గోడ మీది గీతకి ఆనించి పట్టుకోవాలి. పాలెం మగవాళ్ళు ఇద్దరు పోటీపడి పట్టుకున్నారు. "ఒరేయ్, నిటారుగా పట్టరా, తెడ్డు గాదది!" అని వెనకనుంచి అరుపులు. పోలీసులు లాఠీలు చంకలో పెట్టుకుని జనంతో పాటు ముందుకి జరిగారు. స్టాండు ఎత్తి ఇంకో చోట పెట్టినప్పుడల్లా ఊరంతా మా వెనక కదిలింది. నేను అంకెలు చదివి పైకి అరుస్తున్నాను, సర్వేయరు పుస్తకంలో రాస్తున్నాడు, జాయింట్ కలెక్టర్ గారు తన డైరీలో తనూ రాసుకుంటున్నారు.

మధ్యలో ఆవిడ వచ్చి, "నన్నూ ఒకపాలి చూడనీ" అంది. మా పాత పరికరంలో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. కన్ను పెట్టి చూసి ఒక్క కేక పెట్టింది. "ఓయమ్మో, ఛైర్మన్ గారు తలకిందులుగా ఉన్నాడేందే!" పాలెం పడిపడి నవ్వింది. చైర్మన్ గారు కూడా నవ్వక తప్పలేదు.

చివరి అంకె చదివాను. తీసివేత వేశాను. మళ్ళీ వేశాను. స్థలం గీతకంటే రెండడుగులు కింద ఉంది. ఆవిడ మోకాళ్ళ పైకి అంటే సరిగ్గా అంతే.

ఆ అంకె కూడా పైకే చదివాను. జాయింట్ కలెక్టర్ గారు, "మీ రిపోర్టులో అర అడుగు పైన అని ఉందిగా?" అన్నారు.

"ఉంది సార్. నలభై ఒకటో పేజీ. అది తప్పు. సంతకం నాదే."

నోట్లోంచి మాట వచ్చేదాకా అది ఇంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు. ఈఈ గారు సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. సర్వేయరు మాత్రం వక్కపలుకు పక్కకి ఉమ్మేసి, "కొలిచింది నేను సార్" అన్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా అక్కడే తేలింది. పాలెం మనిషి ఒకతను, "మీరు ఏ రాయి కాణ్ణుంచి కొలిచారండీ? దారి పక్క బాణం రాయా? దాన్ని గ్రానైట్ లారీ గుద్దితే పడిపొయ్యింది గదా. మేమే లేపి పాతాం. మళ్ళీ పడకుండా గట్టిగా ఉండాలని బాగా లోతు తవ్వి పాతాం" అన్నాడు, మెచ్చుకుంటామేమోనన్నట్టు. మేం పరిగెత్తుకుంటూ వెళ్ళి చూశాం. ఒకప్పుడు నడుం ఎత్తున ఉండే రాయి, జానెడు బయటికి కనిపిస్తోంది. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న సర్వేయరు దాని ముందు గొంతుక్కూర్చుని, "ఎంత మోసం చేశావే" అన్నాడు రాయితో. రెండున్నర అడుగులు. మా అర అడుగు, ఆవిడ రెండడుగులు, లెక్క సరిపోయింది.

తిరిగి షామియానాలోకి వచ్చాక జాయింట్ కలెక్టర్ గారు మైకు తీసుకున్నారు. "సరేనమ్మా, మీరు గెలిచారు. ఈ ప్లాంటు మీకు వద్దు. అలాగే రాసుకుంటాను."

ఆవిడ చటుక్కున లేచింది. "ఎవురన్నారయ్యా వద్దని? నేననలేదే! పుట్టినకాణ్ణించీ ఆ కంపులో చేపలెండబెడతన్నా. మా చేపలు చూసి బేరగాళ్ళు ముక్కు మూసుకుంటన్నారు. కట్టండయ్యా బాబూ, కట్టండి! మునిగే చోట మాత్రం కట్టబాకండి అంటన్నా."

మేం అందరం వ్యతిరేకత వస్తుందని పోలీసుల్ని తెచ్చుకున్నాం. ఆ ఊళ్ళో ప్లాంటు కావాలని మనసారా కోరుకున్న మొదటి మనిషి ఆవిడే.

"మరి ఎక్కడ కట్టాలంటారు?" అన్నారాయన.

"మీ మున్సిపాలిటీ పెంట దొడ్డి ఉందిగా, కాలవ పక్కన మిట్ట మీద? ఏ వానకీ మునగలా అది."

షామియానాలో అన్ని తలలూ చైర్మన్ గారి వైపు తిరిగాయి. పెంట దొడ్డి అంటే చెత్త ఎరువు చేసే పాత కంపోస్టు యార్డు. పాలెం కంటే ఒక మైలు ఎగువన, అదే కాలవ పక్కన. నా ఫైల్లో ఆ స్థలం ఉంది. దాని పక్కన "సాంకేతికంగా అనుకూలం కాదు" అని రాసి కొట్టేసి ఉంది. పాత ఫైల్లోంచి ఆ వాక్యం నేనే ఎత్తి రాశాను. ఎందుకు అనుకూలం కాదో ఎవర్నీ అడగలేదు. అసలు కారణం ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప. దాని పక్కన కొత్త లేఅవుటు పడింది. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు అక్కడ ఇళ్ళు కడుతున్నారు. రాయి చేసిన మోసం కంటే ఈ వాక్యం చేసిన మోసం పెద్దది. రాయికి పలుకుబడి తెలియదు.

పందొమ్మిది రోజులు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు నిలవవు. మొదటి పని, నమ్మదగిన గుర్తు వెతకడం. సర్వేయరే అన్నాడు: "మేడమ్, రైల్వే స్టేషన్!" స్టేషను పేరు బోర్డు కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. చిన్నప్పటినుంచీ రైలు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం, ఎందుకు రాశారా అని ఎవరూ అడగం. స్టేషన్ మాస్టరు గారు తమ రికార్డు తీసి చూపించారు. అక్కణ్ణుంచి కంపోస్టు యార్డు దాకా కొలిచాం. తిరిగి స్టేషను దాకా వెనక్కి కొలుచుకుంటూ వచ్చాం. ఎండ అంతే ఉంది, ఈసారి ఎవరూ దాని మాట ఎత్తలేదు. మొదలుపెట్టిన అంకె దగ్గరికి వచ్చి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీదే సర్వేయరూ నేనూ చేతులు కలుపుకున్నాం. షెల్టరు గీత దాకా కూడా కొలిచాం. ఎండుచేపలావిడ మా వెంట ఉంది. గీతది ఫలానా సంవత్సరపు నీరేనని లెవెల్ పుస్తకంలో రాసి చదివి వినిపిస్తే, బొటనవేలు ఇంకులో ముంచి ముద్ర వేసింది. "మళ్ళీ రాయిని నమ్మబాకండి" అంది.

కంపోస్టు యార్డు గీతకంటే ఆరడుగులు పైన ఉంది. ఇంకో విశేషం కూడా. తీరప్రాంత నిబంధనలు వర్తించే హద్దుకి అవతల ఉంది. అంటే ప్లాంటుకి ఆ అనుమతే అక్కర్లేదు, సముద్రంలోకి పోయే పైపుకి మాత్రం చాలు. మేం తప్పు స్థలం కోసం కష్టపడి సంపాదిస్తున్న అనుమతిలో సగం, సరైన స్థలానికి అవసరమే లేదు!

మిగతా సమ్మతులు కొత్త స్థలం పేరు మీద తిరగరాయించుకున్నాం. ఇక మిగిలింది పురపాలక సంఘం తీర్మానం. చైర్మన్ గారు మా ఆఫీసుకే వచ్చారు. నేను ఈఈ గారి ఎదురుగా కూర్చుని డ్రాయింగు చూపిస్తున్నాను.

"ఎందుకండీ ఇంత తిప్పలు? పాలెం స్థలంలోనే మూడడుగులు మట్టి తోలించండి, మిట్ట అయిపోద్ది గదా. లేఅవుటోళ్ళు నా మీద పడుతున్నారు" అన్నారు.

ఈఈ గారు నా వైపు చూడలేదు. మెమో ఒకటి ఎటూ నా మీదికి రావలసే ఉంది. ఆయనకి ఏడాది మిగిలింది. ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తీశారు.

"మట్టి తోలితే ప్లాంటు మునగదండి. కానీ ఆ నీళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. పాలెం ఇళ్ళలో ఉంటాయి. దాని మీద నేను సంతకం పెట్టలేను."

"మరి లేఅవుటోళ్ళకి వాసనొస్తే?"

"ఇప్పుడు మూత లేని కాలవ వాళ్ళ గుమ్మాల ముందునుంచే పోతోంది. అంతకంటే వాసన వస్తే నన్ను పిలవండి. రిటైరైనా వచ్చి మీ ముందు నిలబడతాను."

ఆయన గొంతు పెంచలేదు. కానీ అంత సూటిగా ఆయన మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు. చైర్మన్ గారు వెళ్ళాక ఫైలు ముందుకి లాక్కుని సంతకం పెట్టారు. "మాట్లాడండి" అని రాయలేదు. "నీ మెమో సంగతి తర్వాత చూద్దాం. రాసేది నేనే కదా, చిన్నదిగా రాస్తాను" అన్నారు.

కౌన్సిల్ సమావేశంలో మాకు దిక్కయింది నేతవీధుల సభ్యులు. వానొస్తే కాలవ పొంగి వాళ్ళ మగ్గం గుంటల్లోకి మురుగు దిగేది. నేతగాడు కాళ్ళు పెట్టుకుని కూర్చునే గుంట అది. "పడుగు మీదున్న చీర తడిసి పాడైతే ఎవరు తీసుకుంటారండీ? ఆ తొట్లేవో రేపే కట్టండి" అని ఒకాయన బల్ల గుద్దాడు. చేతులు లేచాయి. చైర్మన్ గారు చుట్టూ చూసి, ఎక్కువ చేతులు ఎటున్నాయో లెక్కపెట్టుకుని, తనూ ఎత్తారు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆఖరికి ఎత్తారు.

హైదరాబాదులో కమిటీ. పొడుగాటి బల్ల, చల్లటి గది, జిల్లాకొక ఫైలు. మా వంతు మధ్యాహ్నం భోజనాలకి ముందు వచ్చింది. "స్థలం ఎందుకు మార్చారు అని అడిగితే, సవరించిన సర్వే ప్రకారం అని చెప్పు, చాలు" అని ఈఈ గారు గుమ్మం దగ్గర జాగ్రత్త చెప్పారు. అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన మొదట అడిగింది ఆ ప్రశ్నే.

"మొదటిసారి నా కొలత తప్పండి" అన్నాను. పక్కన ఈఈ గారి నిట్టూర్పు వినిపించింది. రాయి సంగతీ, గీత సంగతీ మూడు నిమిషాల్లో చెప్పాను. ఆయన లెవెల్ పుస్తకం నకలు తిప్పుతూ ఒక చోట ఆగారు.

"ఈ వేలిముద్ర ఎవరిది?"

"పాలెంలో ఎండుచేపలు అమ్మే ఆవిడదండి. మొగ పూడితే నీరు ఎంతవరకు వస్తుందో మాకు దొరికిన నమ్మకమైన రికార్డు ఆవిడే."

బల్ల అవతల ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "మొగ పూడుతుందని మీ లెక్కల్లో ఎక్కడా లేదు కదమ్మా మొదట్లో?"

"లేదండి. మేం వేసవిలో వెళ్ళాం. అప్పుడు మొగ తెరుచుకుని ఉంటుంది."

"తీరం మీది మిగతా ఫైళ్ళు ఎన్ని వేసవిలో తయారయ్యాయో చూడండి" అని పక్కనున్న అధికారితో అన్నారు. ఆ మాటకి బల్ల మీద రెండు మూడు ఫైళ్ళు మూసుకున్నాయి. తర్వాత మా ఫైలు మీద కలం పెట్టి రాసి, తిప్పి మా వైపు తోశారు. ఆమోదించడమైనది. ఆ ఒక్క మాటనీ నేను మూడుసార్లు చదువుకున్నాను. ఈఈ గారు నాలుగుసార్లు.

పిల్లలూ, ఇప్పుడు మీకు ఉపగ్రహాలున్నాయి. జేబులో ఫోను తీస్తే మీరు నిలబడ్డ నేల ఎత్తు చెప్తుంది. చాలా మంచిది. కానీ మొగ ఏ నెలలో పూడుతుందో, ఏ స్థలాన్ని ఎవరి కోసం కొట్టేశారో మీ ఫోను చెప్పదు. పాత ఫైల్లో "సాంకేతికంగా" అన్న మాట కనబడితే ఒక్కసారి ఆగి ఎందుకని అడగండి. నేను అడగలేదు, ఆ సిగ్గు నాకింకా ఉంది. మెమో కూడా వచ్చింది లెండి, మాట ప్రకారం చిన్నదే. ప్లాంటు కట్టి నీళ్ళు వదలడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. తర్వాత పెద్ద వాన ఒకటి వచ్చినప్పుడు నేను ప్రత్యేకం వెళ్ళి చూశాను. పాలెం వెనక బీడు చెరువులా నిండి ఉంది. ఎగువన తొట్లు పొడిగా, మోటార్లు మోగుతూ ఉన్నాయి.

కానీ నాకు బాగా నిలిచిపోయింది ఆ ఆమోదం వచ్చిన మధ్యాహ్నమే. గదిలోంచి బయటికి రాగానే, వరండాలో నలుగురూ చూస్తుండగా మా ఈఈ గారు ఉన్నట్టుండి చప్పట్లు కొట్టారు. తనకి తనే ఉలిక్కిపడి చుట్టూ చూసి, మళ్ళీ కొట్టారు. రోడ్డు మీద ఎస్టీడీ బూత్ కనిపించింది. పాలెం మొత్తానికి ఫోను ఒకే ఒక్క కొట్లో ఉంది. నంబరు తిప్పితే కొట్టతను ఎత్తాడు. ఆవిడ్ని పిలవమన్నాను. "ఉండండుండండి, ఈడే ఉంది, పొద్దుట్నుంచీ ఈడే కూర్చునుంది" అన్నాడు.

రిసీవరు చేతులు మారిన చప్పుడు. తర్వాత చెవి పగిలేలా ఒక కేక. ఫోనులో అంత గట్టిగా అరవక్కర్లేదని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేరు.

"అమ్మాయ్! వచ్చిందా?"

"వచ్చిందమ్మా! మిట్ట మీదే!"

తర్వాత ఆవిడ నాతో కాకుండా వీధికి అరవడం వినిపించింది. "ఒసేయ్, వచ్చిందంటనే! మిట్ట మీదంటనే!" ఒక గొంతు, దాని వెనక నాలుగు, ఆ వెనక ఎన్నో లెక్క తెలియలేదు. ఎవరో ఈల వేశారు. ఎవరో గిన్నె మీద గరిటెతో వాయిస్తున్నారు. రిసీవరు కింద పెట్టడం ఆవిడ మర్చిపోయింది. నేనూ పెట్టలేదు. ఈఈ గారు "ఏమంటోంది, ఏమంటోంది" అని సైగ చేస్తుంటే, జరిగి ఆయన చెవిని కూడా రిసీవరుకి ఆనించాను.